చలిసీమల ద్రాక్ష – 4: క్యూకా ఒడ్డున ఒడెస్సా పంతం

గత భాగంలో: జర్మనీలోని మోసెల్ లోయను చూశాం. 1435లో రుసెల్స్‌హైమ్ కోట లెక్కల్లో పేరు కనిపించిన రీస్లింగ్ ద్రాక్ష, 1787లో ట్రియర్ పాలకుడు క్లెమెన్స్ వెన్సెస్లాస్ ఇచ్చిన ఉత్తర్వు తర్వాత మోసెల్ కొండవాలులను ఎలా తన సొంతం చేసుకుందో తెలుసుకున్నాం. అదే రీస్లింగ్ అట్లాంటిక్ దాటి, ఐరోపా ద్రాక్షను మూడు వందల ఏళ్లకు పైగా బతకనివ్వని తూర్పు అమెరికాలో ఎలా నిలదొక్కుకుందో ఈ భాగంలో చూద్దాం.

చట్టం నాటించిన తీగలు

1619లో వర్జీనియా వలసలోని ఇంగ్లీషువాళ్లు ఒక చట్టం చేసుకున్నారు. ప్రతి ఇంటి యజమానీ ఏటా పది ద్రాక్ష తీగలు నాటి పెంచి తీరాలి. వైన్ కోసం ఫ్రాన్సు, స్పెయిన్‌ల ముఖం చూసే అవస్థ ఇంగ్లండుకు తప్పాలన్నది ఏలికల ఆశ. మొక్కలు ఐరోపా నుంచి ఓడల్లో వచ్చాయి. తోటపని తెలిసినవాళ్లను ఫ్రాన్సు నుంచి రప్పించారు. మనుషులు చట్టానికి తలొగ్గారు గానీ తీగలు తలొగ్గలేదు. మొదట్లో చక్కగా చిగురించి పాకిన తీగలే రెండు మూడేళ్లలో నీరసించి, మొదలంటా ఎండిపోయేవి.

ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు థామస్ జెఫర్సన్ మాంటిచెలో కొండ మీద అదే ప్రయత్నం చేశాడు. 1773లో ఇటలీ నుంచి వచ్చిన ఫిలిప్పో మాజ్జెయీకి పక్కనే భూమి ఇచ్చి ద్రాక్ష వేయించాడు. తానూ మళ్లీ మళ్లీ మొక్కలు తెప్పించి నాటాడు. ఆ ప్రయత్నమూ ఫలించలేదు.

తీగలు ఎందుకు చచ్చిపోతున్నాయో అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. అసలు కారణం తెలియడానికి 1860ల దాకా ఆగాల్సి వచ్చింది. తూర్పు అమెరికా నేలలో ఫిలోక్సెరా అనే పేనుబంక జాతి పురుగు ఉంది. కంటికి ఆనీ ఆననంత చిన్నది. వేళ్లను పట్టి రసం పీల్చేస్తుంది. అమెరికా అడవి ద్రాక్ష తరతరాలుగా దానితో కలిసి పెరిగి తట్టుకోవడం నేర్చుకుంది. ఐరోపా జాతి అయిన వైటిస్ వినిఫెరాకు ఆ శక్తి లేదు. పైగా ఇక్కడి తేమలో బూజు తెగుళ్లు, నల్లకుళ్లు ఎక్కువ. ఉత్తరానికి పోయేకొద్దీ వీటన్నిటికీ తోడు ఎముకలు కొరికే చలి.

కాబట్టి ఐరోపా ద్రాక్ష ఇక్కడ పనికిరాదన్న అభిప్రాయానికి ఆధారం లేకపోలేదు. కానీ తరాలు గడిచేసరికి ‘బతకలేదు’ అన్న అనుభవం ‘బతకదు’ అన్న సిద్ధాంతంగా ముదిరింది. ఫిలోక్సెరాకు విరుగుడు, అంటే అమెరికా వేళ్ల మీద ఐరోపా తీగను అంటుకట్టడం, దొరికిన తర్వాత కూడా ఆ సిద్ధాంతం చెక్కుచెదరలేదు. దాన్ని కదిలించినవాడు ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక కాందిశీకుడు, అతని మాట నమ్మినవాడు ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక వైన్ నిపుణుడు. వాళ్లు కలిసిన చోటు న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్.

మంచు తవ్విన సరస్సులు

న్యూయార్క్ నగరానికి వాయవ్యంగా, రాష్ట్రం నడిబొడ్డున పదకొండు సరస్సులున్నాయి. పటంలో ఉత్తర దక్షిణాలుగా, చాచిన వేళ్ల మాదిరి కనిపిస్తాయి కనుక వాటికా పేరు. ఒకప్పుడవి నదీ లోయలు. మంచుయుగంలో హిమానీ నదాలు ఆ లోయల మీదుగా పాకి వాటిని లోతుగా తవ్వేశాయి. మంచు కరిగి వెనక్కి తగ్గాక ఆ గుంటలు నీటితో నిండాయి. వీటిలో అన్నిటికన్నా లోతైనది సెనెకా. 618 అడుగులు, అంటే సుమారు 188 మీటర్లు. దాని అడుగు సముద్రమట్టం కన్నా కిందికి ఉంది. కయూగా లోతు 435 అడుగులు. క్యూకా వాటికన్నా చిన్నది, పంగలకర్రలా మధ్యలో రెండుగా చీలి ఉంటుంది.

ఈ లోతే ఇక్కడి ద్రాక్షకు ప్రాణాధారం. అంత నీరు అంత త్వరగా వేడెక్కదు, అంత త్వరగా చల్లారదు. పగలంతా ఎండ తాగిన మిద్దె రాత్రి సెగలు కక్కినట్టు, వేసవిలో దాచుకున్న వేడిని సెనెకా శరదృతువు పొడుగునా, చలికాలంలోనూ కొంచెం కొంచెంగా వదులుతుంది. చుట్టూ మంచు పేరుకున్నా ఆ సరస్సు పూర్తిగా గడ్డకట్టడం చాలా అరుదు. వసంతంలో దీనికి తలకిందులు. నీరింకా చల్లగానే ఉండి ఒడ్డు గాలిని చల్లబరుస్తుంది. దాంతో తీగ తొందరపడి చిగురు వేయదు, మే నెలలో వచ్చే మంచుకు లేత చిగురు బలికాదు. ఇక చల్లగాలి బరువైనది గనుక వాలు వెంట కిందికి జారిపోతుంది, తోటలో నిలవదు.

అందుకే ఇక్కడ ద్రాక్షకు అనువైన నేల ఒడ్డు వెంబడి సన్నని పట్టీలా ఉంటుంది. సరస్సుకు దూరంగా, గుట్ట పైకి జరిగేకొద్దీ అదే తీగ అదే చలికి చచ్చిపోతుంది. రైతు పొలం కొనేముందు మట్టినీ ఏటవాలునూ చూడటంతోపాటు నీటికి ఎంత దూరమో కూడా చూసుకుంటాడు.

నరికేసిన తోటలు

ఈ ఒడ్డుల మీద పండ్ల తోటలు తెల్లవాళ్లతో మొదలు కాలేదు. సెనెకా, కయూగా అనేవి హొడెనొషొని అనే ఆదివాసీ కూటమిలోని రెండు జాతుల పేర్లు. ఆ సరస్సుల చుట్టూ వాళ్ల ఊళ్లు, మొక్కజొన్న చేలు, యాపిల్, పీచ్ తోటలు ఉండేవి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆ జాతులవాళ్లు చాలామంది బ్రిటిష్ పక్షం వహించారు. 1779లో జార్జ్ వాషింగ్టన్ ఆజ్ఞతో జనరల్ జాన్ సలివన్ సైన్యం ఈ ప్రాంతం మీద పడింది. నలభైకి పైగా ఊళ్లు తగలబెట్టింది. చేలు ధ్వంసం చేసి, పండ్ల చెట్లను మొదలంటా నరికింది. నిలువనీడ లేక జనం నయాగరా కోట వైపు పారిపోయారు. ఆ చలికాలంలో ఆకలితో, చలితో ఎందరో చనిపోయారు.

యుద్ధం ముగిశాక ఆ నేలలో చాలా భాగాన్ని సేవకు ప్రతిఫలంగా సైనికులకు పంచిపెట్టారు. ఫింగర్ లేక్స్ వైన్ చరిత్రను మొదటి ద్రాక్ష తీగతో మొదలుపెట్టేవాళ్లు ఈ పుట తిప్పేసి ముందుకు పోతుంటారు. అలా పోకూడదు. ఈ ఒడ్డుల మీద పండు పండుతుందని నరికిన ఆ తోటలే తెల్లవాళ్లకు చూపించాయి.

పాస్టరు గారి పెరడు

1829లో క్యూకా సరస్సు దక్షిణ కొసన ఉన్న హ్యామండ్స్‌పోర్ట్‌లో విలియం బోస్ట్‌విక్ అనే పాస్టరు తన చర్చి ఇంటి పెరట్లో ఇసబెల్లా, కటాబా రకాల ద్రాక్ష నాటాడు. ఈ సీమలో ద్రాక్ష సాగుకు అదే తొలి అడుగని చెబుతారు. తీగలు బాగా కాశాయి. ఆయన కొమ్మలు కోసి ఊళ్లో అడిగినవాళ్లందరికీ పంచాడు.

1860లో చార్ల్స్ డావెన్‌పోర్ట్ చాంప్లిన్, తోటి భాగస్థులు కలిసి ప్లెజెంట్ వ్యాలీ వైన్ కంపెనీ పెట్టారు. 1865లో ఉర్బానా వైన్ కంపెనీ వచ్చింది, అదే తర్వాత గోల్డ్ సీల్‌గా పేరు మార్చుకుంది. 1880లో టేలర్ కుటుంబం రంగంలోకి దిగింది. ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతం నుంచి పనివాళ్లను రప్పించి నురుగు వైన్ తీయించారు. ప్లెజెంట్ వ్యాలీ సీసాకు 1867 పారిస్ ప్రదర్శనలో గుర్తింపు దక్కింది.

ఈ తోటల్లో పెరిగినవి ఇసబెల్లా, కటాబా, డెలావేర్, కాంకర్డ్, నయాగరా. అమెరికా అడవి జాతి వైటిస్ లబ్రస్కా రక్తం వీటిలో ఉంది. చలికి బెదరవు, తెగుళ్లకు లొంగవు. తోలు మందం, లోపలి గుజ్జు జారిపోయేలా ఉంటుంది. ముక్కుకు ముందే తగిలే ఘాటైన తీపి వాసన వీటి గుర్తు. మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది. ఆ వాసన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. బెంగళూరు బ్లూ పేరుతో మన బజారుకు వచ్చే నల్ల ద్రాక్ష బోస్ట్‌విక్ నాటిన ఇసబెల్లా రకమే. పండుగా తిన్నా, రసం తీసి తాగినా బాగుంటుంది. 1849లో మసాచుసెట్స్‌లో ఎఫ్రయిమ్ బుల్ పెంచి తీసిన కాంకర్డ్ మీదే, 1869లో థామస్ వెల్చ్ పులియని ద్రాక్షరసం వ్యాపారానికి పునాది వేశాడు. వైన్ చేసినప్పుడు మాత్రం ఆ వాసన మిగతా అన్నిటినీ కప్పేస్తుంది. ఐరోపా వైన్ అలవాటైన నోటికి అది రుచించదు.

1920 జనవరిలో దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. 1933 డిసెంబరులో ఎత్తేసేదాకా ఇక్కడి కంపెనీలు చర్చి ప్రార్థనలకు వాడే వైన్‌తో, ద్రాక్షరసంతో కాలం గడిపాయి. చాలావాటికి తాళాలు పడ్డాయి.

రైమ్స్ నుంచి వచ్చినవాడు

నిషేధం తొలగిన మరుసటి ఏడు, 1934లో, గోల్డ్ సీల్ యాజమాన్యం ఫ్రాన్సులోని రైమ్స్ నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించింది. పేరు షార్ల్ ఫూర్నియే. పుట్టింది షాంపేన్ సీమలో, పనిచేసింది వవ్ క్లికో సంస్థలో. నురుగు వైన్ విద్యలో ఆరితేరినవాడు. హ్యామండ్స్‌పోర్ట్‌లో ఆయన చేతికొచ్చినవి కటాబా, డెలావేర్. ఉన్న ద్రాక్షతోనే గోల్డ్ సీల్ వైన్‌కు మంచి పేరు తెచ్చాడు. ఐరోపా, అమెరికా జాతులను కలిపి ఫ్రాన్సులో పుట్టించిన సంకర రకాలను తెప్పించి నాటించాడు. అవి లబ్రస్కా కన్నా మృదువుగా ఉండేవి, చలినీ కొంతవరకు ఓర్చుకునేవి.

కానీ తాను పెరిగిన ఊరి షార్డొనే, పినో నువార్ ఇక్కడ పండవన్న లోటు ఆయనకు తీరలేదు. షాంపేన్ కూడా చలి ప్రాంతమే. అక్కడ బతికేవి ఇక్కడెందుకు బతకవని అడిగితే నిపుణులందరిదీ ఒకటే సమాధానం: ఇక్కడి చలి వేరు, ఇక్కడి నేల వేరు.

పారతో పరిశోధన కేంద్రంలో

కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఒడెస్సా ప్రాంతంలో, ఉక్రెయిన్‌లో స్థిరపడిన జర్మన్ కుటుంబంలో పుట్టాడు. ఒడెస్సాలో వ్యవసాయ శాస్త్రం చదివాడు. చలి ప్రాంతాల్లో వినిఫెరా సాగు మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నాడు. ద్నీపర్ నది దగ్గర పెద్ద ప్రభుత్వ ద్రాక్ష క్షేత్రం నడిపాడు. ఆ మైదానాల్లో చలికాలం చాలా కఠినం. తీగలను నేలకు వంచి మట్టి కప్పి కాపాడటం, వసంతంలో మళ్లీ తవ్వి లేపడం అక్కడి రైతుకు మామూలు పని. ఫిలోక్సెరా దెబ్బతీసిన తోటలను అంటుమొక్కలతో మళ్లీ నిలబెట్టిన అనుభవం ఫ్రాంక్‌కు ఉంది.

రెండో ప్రపంచయుద్ధం ఆ జీవితాన్ని తుడిచిపెట్టేసింది. ఆస్ట్రియా, జర్మనీల మీదుగా, భార్యాపిల్లలతో 1951లో న్యూయార్క్ రేవులో దిగాడు. అప్పటికి యాభై దాటాయి. రష్యన్, జర్మన్, ఫ్రెంచి వచ్చు. ఇంగ్లీషు రాదు. నగరంలోని హార్న్ అండ్ హార్డార్ట్ హోటల్లో గిన్నెలు కడిగే పని దొరికింది. కాస్త డబ్బు కూడగానే, ద్రాక్ష పరిశోధన జరిగే చోటు ఎక్కడో కనుక్కుని సెనెకా ఉత్తర కొసన ఉన్న జెనీవా పట్టణానికి బస్సెక్కాడు. అక్కడ 1882 నుంచి న్యూయార్క్ రాష్ట్ర వ్యవసాయ పరిశోధన కేంద్రం నడుస్తుండేది. కార్నెల్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉన్న పేరున్న సంస్థ.

అక్కడ ఆయనకిచ్చింది పరిశోధన పని కాదు, బ్లూబెర్రీ మొక్కల కింద కలుపు తీసే పని. పార పట్టుకుని కలుపు తీస్తూనే, దొరికిన ప్రతివాడితోనూ వచ్చీరాని భాషలో ఒకటే మాట చెప్పేవాడు. ఉక్రెయిన్‌లో ఇంతకన్నా చలిలో వినిఫెరా పండించాం, ఇక్కడా పండుతుంది. ఇక్కడ తీగలను చంపుతున్నది చలి కాదు, తెగుళ్లు, పురుగు, తప్పుడు అంటు.

ఎవరూ వినలేదు. అలాగని అక్కడివాళ్లు మూర్ఖులని కాదు. చిన్న రైతుకు సలహా ఇచ్చే సంస్థకు జాగ్రత్త సహజం. తీగ నాటితే కాపుకు మూడేళ్లు పడుతుంది. నాలుగో ఏట చచ్చిపోతే రైతు కుటుంబం అప్పులపాలవుతుంది. భాష రాని ఒక కూలీ మాట పట్టుకుని అలాంటి సలహా ఎలా ఇస్తారు? అయినా ఒక మాట చెప్పుకోక తప్పదు. ఆ ప్రశ్న మీద జీవితమంతా పనిచేసిన మనిషి వాళ్ల పొలంలోనే ఉన్నాడు. అతని చేతిలోని పార తీసి, అంటుకత్తి పెట్టి ఓ నాలుగు వరసలు వేసి చూడమని ఎవరూ అనలేదు.

ఆ మాట అన్నవాడు ఫూర్నియే. 1953 ప్రాంతంలో ఫ్రాంక్ వాదన ఆయన చెవిన పడింది. ఇద్దరికీ ఫ్రెంచి వచ్చు గనుక మధ్యవర్తి అవసరం లేకపోయింది. చలిసీమ షాంపేన్‌లో పెరిగినవాడికి, అంతకన్నా చలిసీమలో ద్రాక్ష పండించినవాడు చెబుతున్నది అర్థమైంది. గోల్డ్ సీల్‌లో ద్రాక్ష పరిశోధన బాధ్యత ఫ్రాంక్‌కు అప్పగించాడు.

కింద ఒక జాతి, పైన ఒక జాతి

ఫ్రాంక్ నమ్మిన సూత్రం సూటిగా చెప్పవచ్చు. తీగను చలి చంపేది దాని కొమ్మ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు. శరదృతువులో మంచు పడేలోగా కొమ్మ ఆకుపచ్చ వదిలి గోధుమరంగుకు తిరిగి, గట్టిపడి, పిండిపదార్థం నింపుకుంటే ఎంత చలినైనా చాలామటుకు ఓర్చుకుంటుంది. ఆలస్యంగా ముదిరే రకపు వేళ్ల మీద అంటుకడితే పైకొమ్మ కూడా ఆలస్యంగా ముదురుతుంది. త్వరగా పంట ముగించుకుని నిద్రపోయే వేళ్లు దొరకాలి.

ఆ వేళ్ల కోసం ఫూర్నియే, ఫ్రాంక్ కలిసి ఈశాన్య అమెరికా, కెనడా అంతా గాలించారు. క్వెబెక్‌లో ఒక క్రైస్తవ మఠం తోటలో పినో ద్రాక్ష బతికి ఉండటం చూశారు. ఎముకలు గడ్డకట్టే క్వెబెక్‌లో అది బతికిందంటే దాని కింది వేళ్లలోనే కిటుకు ఉండాలి. అక్కడి కొమ్మలు తెచ్చుకున్నారు.

అంటుకట్టే పని చలికాలంలో, గదిలో బల్ల ముందు కూర్చుని చేస్తారు. కింది భాగానికి పెన్సిల్ లావున్న అమెరికా జాతి కొమ్మ, సుమారు అడుగు పొడవు. దాని కళ్లన్నీ గీసేస్తారు, లేకపోతే అదే చిగురు వేస్తుంది. పైభాగానికి ఒకే ఒక్క కన్నున్న రీస్లింగ్ ముక్క. రెండింటినీ ఏటవాలుగా కోసి, కోత మధ్యలో చిన్న చీలిక పెట్టి, ఒకదాంట్లో ఒకటి దిగేలా బిగిస్తారు. బెరడు కిందనున్న పచ్చని పొరలు రెండూ ఒక్కవైపైనా తాకాలి. ఆ పొర పక్కకు జరిగితే శ్రమంతా వృథా. తర్వాత తడి పొట్టులో పేర్చి వెచ్చని గదిలో కొన్ని వారాలుంచితే, అతుకు దగ్గర తెల్లని కండ పెరిగి రెండూ ఒకటవుతాయి. ఏడాది నారుమడిలో పెంచి, అతుకు గట్టిపడిన మొక్కలనే పొలంలోకి దించుతారు. ఏటా శరదృతువు చివర ఆ అతుకు మీదికి మట్టి ఎగదోస్తారు, వసంతంలో తీసేస్తారు. పైన కొమ్మలన్నీ చచ్చినా మట్టి కింద ఒక్క కన్ను బతికితే చాలు, తీగ మళ్లీ లేస్తుంది.

ఫ్రాంక్ ఇలా వేల అంట్లు కట్టాడు. ఏ రకానికి ఏ వేరు కుదురుతుందో, ఏ మట్టిలో ఏది నిలుస్తుందో వరస వరసకూ రాసుకుంటూ పోయాడు. అమెరికా అడవి జాతుల వేళ్ల మీద ఐరోపా తీగను నిలబెట్టడం ఈనాడు ప్రపంచమంతటా ఉన్నదే. మన దక్కను ద్రాక్ష తోటల్లో ఉప్పునేలకూ నీటి ఎద్దడికీ వాడే డాగ్‌రిడ్జ్ వేరుమూలం కూడా అమెరికా నుంచి వచ్చిందే. అక్కడ రైతు వేరు నుంచి చలిని ఓర్చే గుణం కోరాడు, ఇక్కడ ఉప్పును ఓర్చే గుణం కోరాడు.

బ్లేడు చెప్పిన తీర్పు

1957 ఫిబ్రవరిలో పరీక్ష వచ్చింది. క్యూకా వాలుల్లో కొన్నిచోట్ల ఉష్ణోగ్రత మైనస్ 25 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 32 సెల్సియస్‌కు పడిపోయింది.

చలి దెబ్బ ఎంతో కొమ్మను పైనుంచి చూస్తే తెలియదు. బతికిన కొమ్మా చచ్చిన కొమ్మా చలికాలంలో ఒకేలా ఉంటాయి. తోటలో అక్కడక్కడా కొమ్మలు కోసుకొచ్చి, ఒకటి రెండు రోజులు వెచ్చని గదిలో ఉంచి, ఒక్కో కన్నునూ బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తారు. ద్రాక్ష కన్ను లోపల నిజానికి మూడు మొగ్గలుంటాయి. నడుమ ఉన్నది పెద్దది, గెల దానికే ఎక్కువ వస్తుంది. పక్కనున్న రెండూ దానికి ఆసరా. కోతలో పచ్చగా కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగు చుక్క కనిపిస్తే చచ్చినట్టు. నూరు కళ్లు కోసి ఎన్ని పచ్చగా ఉన్నాయో లెక్కపెడితే ఆ ఏటి పంట ముందే తెలిసిపోతుంది.

ఆ ఏడు లెక్క అందరి అంచనాలనూ తారుమారు చేసింది. చలికి పెట్టింది పేరైన డచెస్, ఇసబెల్లా, కొన్నిచోట్ల కాంకర్డ్ సైతం దెబ్బతిని కాపు ఇవ్వలేదు. గట్టి వేళ్ల మీద అంటుకట్టిన రీస్లింగ్, షార్డొనే తీగల్లో మాత్రం పాడైన కళ్లు పదో వంతు కూడా లేవు. ఆ శరదృతువులో అవి ఎకరానికి మూడు నాలుగు టన్నులు కాశాయని లెక్కగట్టారు. మూడు శతాబ్దాల సిద్ధాంతానికి గోల్డ్ సీల్ పొలంలో సమాధానం దొరికింది.

వేరుమూలం ఒక్కటే ఇంత పని చేసిందని నేటి ఉద్యాన శాస్త్రం ఒప్పుకోదు. పొలం ఎంపిక, తీగ మీద ఉంచే పంట బరువు, తెగుళ్ల నివారణ, కొమ్మ సరిగ్గా ముదరడం, అన్నీ కలిసే తీగను కాపాడతాయని అది చెబుతుంది. ఫ్రాంక్ ఈ జాగ్రత్తలన్నీ పాటించినవాడే. ఆయన వివరణలో సవరించుకోవలసింది ఉండవచ్చు గానీ, పొలంలో పచ్చగా మిగిలిన కళ్లను ఎవరూ కాదనలేకపోయారు.

పంతం, దాని ఖరీదు

1958లో ఫ్రాంక్ క్యూకా పడమటి ఒడ్డున, హ్యామండ్స్‌పోర్ట్‌కు ఎగువన సొంత పొలం కొన్నాడు. 1962లో వినిఫెరా వైన్ సెల్లార్స్ పేరుతో సొంత సంస్థ మొదలుపెట్టాడు. రీస్లింగ్, షార్డొనే, పినో నువార్‌లతో ఆగలేదు. జార్జియా దేశపు ర్కాట్సిటెలీ, సపెరావీ సహా పదుల రకాలు నాటి పరీక్షించాడు. ఆ ర్కాట్సిటెలీ వైన్ ఇప్పటికీ ఆ పొలం నుంచి వస్తోంది. లాభం కన్నా నిరూపణ ముఖ్యమైన మనిషి ఆయన. దూరం నుంచి వచ్చిన యువకులకు గంటల తరబడి పాఠం చెప్పి, అంట్లు ఇచ్చి పంపేవాడు. వాళ్లలో చాలామంది తూర్పు రాష్ట్రాల్లో వినిఫెరా తోటలు వేశారు.

ఆ పంతానికి మరో ముఖం కూడా ఉంది. సంకర రకాలంటే ఆయనకు కిట్టేది కాదు. అవి ఆరోగ్యానికి హానికరమని బహిరంగంగా ప్రచారం చేశాడు. తర్వాతి పరిశోధన ఆ మాటను నిలబెట్టలేదు. సేవాల్, విడాల్, జెనీవా కేంద్రం 1972లో విడుదల చేసిన కయూగా వైట్ వంటి సంకర రకాలు ఎన్నో రైతు కుటుంబాలను నిలబెట్టాయి. తన మాట ఎవరూ వినలేదని బాధపడిన మనిషే ఇతరుల మాట వినడానికి ఇష్టపడలేదు. చరిత్రలో గొప్ప పనులు చేసినవాళ్లను చూసేటప్పుడు ఈ రెండో ముఖాన్నీ చూడాలి. దానివల్ల ఆయన చేసిన పని విలువ తగ్గదు, ఆయన మనిషిగా మనకు మరింత అర్థమవుతాడు.

పెద్ద కంపెనీలు లబ్రస్కానూ సంకర రకాలనూ వదల్లేదు. ఫ్రాంక్ దారి అందరి దారి కావడానికి ఇంకొకటి కావలసి వచ్చింది. 1976లో గవర్నర్ హ్యూ కేరీ సంతకంతో వచ్చిన ఫార్మ్ వైనరీ చట్టం చిన్న రైతుకు తలుపు తెరిచింది. ఏటా 50,000 గాలన్ల లోపు వైన్ తీసే రైతు, తన పంటతో చేసిన వైన్‌ను తన గడపలోనే కొనేవాళ్లకు నేరుగా అమ్ముకునే వీలు కలిగింది. అప్పటిదాకా ద్రాక్షను పెద్ద కంపెనీ చెప్పిన ధరకు అమ్మడమే గతి. ఈ చట్టం వచ్చాక సరస్సుల చుట్టూ చిన్న వైనరీలు ఒకటొకటిగా వెలిశాయి.

ఆ తరంలో ముందు వరసలో ఉన్నవాడు హెర్మన్ వీమర్. ఈయన మోసెల్ ఒడ్డున బెర్న్‌కాస్టెల్ వాడు. తండ్రి అక్కడ యుద్ధానంతరం పాడైన తోటలను అంటుమొక్కలతో పునరుద్ధరించిన నిపుణుడు. కొడుకు ఆ విద్యే పట్టుకుని హ్యామండ్స్‌పోర్ట్‌కు వచ్చి, సంకర రకాలకు పేరున్న బుల్లీ హిల్ వైనరీలో పనిచేశాడు. 1973లో సెనెకా పడమటి ఒడ్డున పాడుబడిన పొలం కొని, సొంత నారుమడిలో కట్టిన రీస్లింగ్ అంట్లు నాటాడు. 1979లో తన పేరుతో వైన్ విడుదల మొదలుపెట్టాడు. ఆయన నారుమడి నుంచి అంట్లు దేశంలోని ఎన్నో తోటలకు వెళ్లాయి. 1982లో ఫింగర్ లేక్స్‌కు ప్రత్యేక ద్రాక్ష ప్రాంతంగా ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. 1988లో కయూగాకు, 2003లో సెనెకాకు విడిగా గుర్తింపు దక్కింది. ఫ్రాంక్ 1985లో కన్నుమూశాడు. ఆయన తర్వాత కొడుకు విల్లీ, మనవడు ఫ్రెడ్ ఆ సంస్థను నడిపారు.

ఎవరిదీ గెలుపు?

నేడు ఫింగర్ లేక్స్ పేరు చెబితే మొదట తలపుకొచ్చేది రీస్లింగే. పొడిగా తాగేదీ, తీపిదీ, నురుగుదీ, అన్నీ దానితోనే చేస్తారు. ఎర్ర రకాల్లో త్వరగా పండే కాబెర్నే ఫ్రాంక్ ఇక్కడ బాగా కుదురుకుంది. చల్లని రాత్రుల్లో పండులోని పులుపు కరిగిపోదు. ఆ పులుపే ఇక్కడి వైన్‌కు వెన్నెముక. ఏ చలి వల్ల ఈ ద్రాక్ష బతకదన్నారో, ఆ చలే దాని రుచికి మూలమైంది.

అలాగని చలి ఓడిపోలేదు. 1980 క్రిస్మస్ నాటి గడ్డు చలి ఈ తోటలను చావుదెబ్బ తీసింది. 2023 మే 18 తెల్లవారుజామున కురిసిన మంచు అప్పుడే విచ్చుకున్న చిగుళ్లను ఎన్నో తోటల్లో మాడ్చేసింది. సరస్సుకు దగ్గరగా ఉన్న వరసలు కొంత బతికాయి, దూరంగా ఉన్నవి నష్టపోయాయి. ఇక్కడ ద్రాక్ష పండించడమంటే ఏటా అదే ప్రశ్నకు మళ్లీ జవాబు చెప్పుకోవడమే.

ఫ్రాంక్ కథను ఒంటరి వీరుడి కథగా చెప్పడం పరిపాటి. నాకది సగం కథే అనిపిస్తుంది. ఒడెస్సాలో నేర్చిన విద్య అంతా ఉండి కూడా ఆయన రెండేళ్లు గిన్నెలు కడిగాడు, కలుపు తీశాడు. ఆ విద్యకు ఇక్కడ విలువ వచ్చింది ఫూర్నియే కూర్చుని విన్న తర్వాతే. ఆ వినడానికి ఫూర్నియే తన పేరునూ, కంపెనీ పొలాన్నీ, డబ్బునూ పణంగా పెట్టాడు. యుద్ధాలు ఊళ్లు ఖాళీ చేయించినప్పుడల్లా ఎంతటి విద్యావంతులో పరాయి దేశాల్లో పార పట్టుకుని నిలబడతారు. వాళ్లను గుర్తించే ఫూర్నియేలు మాత్రం ఎప్పుడూ తక్కువే. సెనెకా, క్యూకా ఒడ్డుల మీది రీస్లింగ్ తోటలు ఫ్రాంక్‌కు ఎంత రుణపడి ఉన్నాయో, ఆయన మాటకు చెవి ఇచ్చిన ఫూర్నియేకూ అంతే రుణపడి ఉన్నాయి.

వచ్చే భాగంలో: నయాగరా నది దాటి కెనడా వైపు వెళదాం. తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్షను చలిరాత్రుల్లో కోసి తీసే ఐస్‌వైన్ కథ, 1991లో బోర్దోలో జరిగిన వినెక్స్‌పోలో కెనడా సీసాకు దక్కిన పురస్కారం, దాని వెనకనున్న విడాల్ అనే సంకర ద్రాక్ష.